దారం అవతలి కొస

"వద్దు పాపా. దీన్ని పంపొద్దు" అన్నాడు యేసన్న మామ.

నా అంగట్లో, నా కుర్చీలో, నా కంప్యూటర్ ముందు కూర్చుని, తన అక్షరాలను తానే చూసుకుని ఆ మాట అన్నాడు. రెండేళ్ల పని అండీ అది! ఈశ్వరికి కోపం ముక్కు మీదే ఉంటుందని బత్తలపల్లెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెండ్లి ఫ్లెక్సీలో పెండ్లికొడుకును ఇంకాస్త తెల్లగా చెయ్యమని నాలుగోసారి వచ్చిన ఒకాయన్ని, "పోయి సున్నం కొట్టించుకో అన్నా" అని మెట్లు దింపిన మనిషిని నేను. కానీ యేసన్న మామను అలా దింపడానికి లేదు. ఆ అక్షరాలు ఆయనవి. సోమవారం లోపల ఆయన సంతకం పెడితేనే అవి ఊరు దాటుతాయి.

అసలు సంగతి మొదటి నుంచి చెబుతాను.

యేసన్న మామ గోడల మీద రాసే పెయింటరు. నాకు చుట్టం కాదు, వాళ్లు చర్చికి పోతారు, మేము గుడికి పోతాం. చిన్నప్పటి నుంచి ఒకే వీధి కాబట్టి మామ అని పిలుస్తాను. ముప్పై ఏళ్లు ఇటు ధర్మవరం, అటు తాడిపత్రి, కింద కదిరి దాటి నల్లమాడ దాకా రోడ్డు పక్కన తెల్లగోడ కనిపిస్తే చాలు, అక్కడ ఆయన కుంచె ఆడింది. విత్తనాలు, ఎరువులు, పళ్లపొడి, టైర్లు, ట్యూషన్లు, స్వస్థత కూటాలు, అన్నీ ఆయనే. మాలాంటివాళ్లం ఫ్లెక్సీ మిషన్లు పెట్టాక గోడ మీద రాయించుకునేవాళ్లు తగ్గిపోయారు. అంటే ఆయన పని చెడగొట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఈ మాట నేను అనుకుంటాను గానీ, ఇంకొకరు అంటే ఊరుకోను.

ఆయన అక్షరాలకు ఎక్కడా వాడి కొనలుండవు. గీత మొదలయ్యే చోటా గుండ్రమే, ఆగే చోటా గుండ్రమే, మధ్యలో సన్నం లావు అని లేకుండా అంతా ఒకటే మందం. తలకట్టు టోపీ పెట్టుకున్నట్టు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. 'బ'కు బొజ్జ. 'ఇ' అయితే కడుపునిండా తిని గోడకు చేరగిలబడినట్టు ఉంటుంది. ఇదంతా ఒక ఎత్తు, అవి ఒక్క వరసలో నిలబడకపోవడం ఒక ఎత్తు. ఒకటి ఎగురుతుంది. దాని పక్కది కిందికి వంగి చూస్తుంది. మూడోది నాకేం తెలియదన్నట్టు నిలబడుతుంది. ఆయన 'పురుగుల మందు' అని రాసినా సరే, చదివినవాడి మొహం మీదికి నవ్వు వచ్చేస్తుంది.

గోడలు ఒక్కొక్కటే చెరిగిపోతుంటే రెండేళ్ల కింద నాకు పట్టుదల పుట్టింది. స్కూటీ వేసుకుని ఊరూరా తిరిగి, ఉన్న గోడలన్నీ ఫోన్లో ఫోటోలు తీశాను. ఒక్కో అక్షరాన్నీ కంప్యూటర్లో మళ్లీ గీసి, గుణింతాలూ ఒత్తులూ కూర్చి, ఆరువందల చిల్లర ఆకారాలు చేశాను. చేత్తో రాస్తే ఏ రెండు 'క'లూ ఒకటిగా రావు కదా, అందుకని ఎక్కువగా వాడే అక్షరాలకు మూడేసి రూపాలు పెట్టాను. దానికి 'యేసన్న' అని ఆయన పేరే పెట్టాను. ఇట్లా అక్షరాలన్నీ మూటగట్టి కంప్యూటర్లో పెడితే ఫాంటు అంటారని చెబితే, "మూటనా? యాడుండాది?" అని మామ బల్ల కిందికి తొంగి చూశాడు.

ఆ ఫాంటు మండలమంతా పాకిపోయింది. టీ అంగడి, గాజుల అంగడి, ఉగ్గాని బజ్జీల బండి, క్షౌరశాల, పేరు పెట్టే పండగ ఫ్లెక్సీ, ఎవరికి చూపించినా "ఇదే పెట్టక్కా" అనేవాళ్లు. అయితే అది అన్నింటికీ పనికిరాదని నాకు దెబ్బతిన్నాక తెలిసింది. లైన్‌మన్ విజయభాస్కర్ 'ప్రమాదం, ముట్టరాదు' అనే బోర్డుకు కూడా ఇదే కావాలని పట్టుబట్టి చేయించుకుపోయాడు. మూడో రోజు గొర్రెలు కాసే నల్లమ్మ ట్రాన్స్‌ఫార్మర్ కంచె మీద కంబళి ఆరేసింది. పరిగెత్తాను.

"బోర్డు చదవలేదా మే నువ్వు?"

"చదివితినే. నవ్వుకుంటా చెప్తాండాది గదా, ఏమీ కాదులే అనుకుంటి."

ఆ పూటే బోర్డు పీకించి, తుమ్మముళ్లలాంటి అక్షరాలతో వేరేది చేసిచ్చాను. తర్వాత ఓబులేశు వాళ్ల నాయన పదకొండో రోజు ఫ్లెక్సీకి ఇదే పెట్టమని కూర్చున్నాడు. "మా నాయనకు నవ్వులంటే ఇష్టమక్కా" అంటాడు. "మీ నాయన నవ్వుతాడేమో గానీ మీ బంధువులు నన్ను తంతారప్పా" అని పంపించేశాను.

అట్లాంటప్పుడు హైదరాబాదు నుంచి ఆశ్రిత అనే ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్లు చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకాలు వేస్తారట. కొత్తగా చదువు నేర్చుకునే పిల్లలకని పన్నెండు పుస్తకాలు వేస్తున్నారట, అన్నీ మా అక్షరాలతోనే కావాలట. ప్రతి పుస్తకంలో మొదటి పేజీలోనే 'అక్షరాలు: యేసన్న, బత్తలపల్లె' అని ఉంటుందట. నేను అంగట్లో ఎగిరి గంతేసినంత పని చేశాను. రాసినాయన ఒప్పుకున్నట్టు కాగితం మీద ఒక్క సంతకం చాలు, సోమవారానికి అందకపోతే మాత్రం వేరే అక్షరాలు చూసుకోక తప్పదు అంది.

ఆ సంతకానికే మామను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయనేమో వద్దంటున్నాడు.

"ఎందుకు వద్దు మామా?"

"గాజులంగడికైతే నేనేమన్నా అంటినా? ఇవి చిన్నపిల్లోళ్లు చూసి దిద్దుకునేవి. వంకరగా నేర్పిస్తే పాపం తగుల్తాది."

"అది వంకర కాదు మామా. అక్షరాలు ఆడుకుంటాండాయి."

"నువ్వు ఆట అంటావు. రాసినోన్ని నేను. గీత తప్పింది. తప్పింది తప్పినట్టు నాకు కనపడతాది."

"నేను అక్షరాలు నేర్చుకునింది నీ గోడ చూసే. నాకేమైంది?"

"అందుకే నీ రాత కోడి కెలికినట్టుండాది" అన్నాడు ఆయన, ఏమాత్రం నవ్వకుండా.

నాకు ఒళ్లు మండింది. మౌసు బల్ల మీద కొట్టాను. దాని మూత ఊడి కింద పడితే దాన్ని వెతుక్కోవడానికి నేనే వంగాల్సి వచ్చింది. నేను పైకి లేచేసరికి మామ నెమ్మదిగా మాట కలిపాడు.

"ఒక పని చేద్దాం పాపా. ఆదివారం మధ్యాన్నానికి నీ అంగడి వెనక గోడకు సున్నం కొట్టించు. యాభై ఆరు అక్షరాలూ సక్కగా రాసిస్తా. అవి ఫోటో తీసుకోని పంపు. సంతకం ఆడికాడే పెడతా."

"ఒక్క రాత్రిలో ఆరువందల ఆకారాలు మళ్లీ ఎట్ల చేసేది?"

"అది నీ తిప్పలు. దారం మాత్రం నువ్వే పట్టుకోవల్ల."

"ఎప్పుడూ పట్టుకునే రెబెకత్త ఉండాది గదా?"

ఆయన నావైపు చూడలేదు. రోడ్డు మీద పోయే ధర్మవరం బస్సును చూస్తూ, "ఆమెకు చెప్పొద్దు. ఆ పొద్దు స్త్రీల కూటం ఉండాది, సాయంత్రం దాకా రాదు. చెప్పినావా, నేను రాయను, సంతకమూ పెట్టను" అన్నాడు.

దారం సంగతి చెప్పాలి. మా వైపు రాతి గోడలు. ఆ గరుకు మీద నీలంపొడి దారంతో గీత కొడితే నిలవదు. అందుకని దారాన్నే గోడ మీద బిగలాగి పట్టుకుని, దాని మీద అక్షరాలను నిలబెట్టుకుంటూ పోతారు. ఇటు కొస నిచ్చెనకు కట్టుకుంటారు. అటు కొస, వరస పూర్తయ్యేదాకా ఇంకో మనిషి పట్టుకోవాలి. యేసన్న మామకు ఆ మనిషి ఎప్పుడూ ఆయన భార్య రెబెకత్తే. పెండ్లయిన ఏడు మొదలుపెట్టి ఫ్లెక్సీలు వచ్చేదాకా ఆమె ఆ కొస వదల్లేదు.

రెబెకత్త నోరు ఊరుకునే నోరు కాదు. రోడ్డున పోయే ప్రతి మనిషినీ పలకరించాలి, వాళ్ల గొడ్డూ గోదా క్షేమం అడగాలి. అన్నిటికంటే ఎక్కువగా మొగుణ్ని ఆట పట్టించాలి. "మా ఆయనకు చెయ్యి సక్కంగ లేదు. రాతంతా వంకరే. నా తలరాత ఈయప్పతో రాయించకుండా దేవుడు కాపాడినాడు" అని వీధంతా చెప్పి నవ్వించేది. మామ కూడా నవ్వేవాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పింది లేదు.

ఆదివారం వచ్చింది. ఎండ నెత్తిన నిప్పులు పోస్తోంది. మామ తలకు తువ్వాలు చుట్టుకుని, నిచ్చెన వేసి, ఇటు కొస కట్టి, అటు కొస నా చేతికిచ్చాడు. "కదలొద్దు" అన్నాడు. నాకు ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి నోరు మూసుకుని బిగుసుకుని నిలబడ్డాను.

అ, ఆ, ఇ, ఈ. కుంచె పోతోంది. నేను మొదట అంతగా చూడలేదు. వరస పూర్తయి దారం వదిలి వెనక్కు జరిగి చూస్తే, అక్షరాలు చెక్క మీద పేర్చినట్టు ఉన్నాయి. వెంట్రుక వాసి ఎగుడూ లేదు, దిగుడూ లేదు. రెండో వరసా అంతే. అరవై దాటిన మనిషి, ఏడెనిమిదేళ్లుగా కుంచె సరిగా పట్టని మనిషి, స్కేలు పెట్టి గీసినట్టు రాస్తున్నాడు.

"మామా, నీ చెయ్యి బాగనే ఉండాది గదా! మరి ఇన్నేండ్లూ..."

"మాట్లాడొద్దు. దారం కదుల్తాది."

ఆ మాటతో నాకు వెలిగింది. ఇన్నేళ్లూ కదిలింది ఆయన చెయ్యి కాదు, దారం. దారం అవతలి కొసన రెబెకత్త నిలబడి, వచ్చే పోయే వాళ్లందరితో చేతులూపుతూ మాట్లాడింది. ఆమె చెయ్యి లేస్తే అక్షరం లేచింది, దిగితే దిగింది. నేను రెండేళ్లు కష్టపడి ఫోటోలు తీసి, కొలిచి, కంప్యూటర్లోకి ఎక్కించిన ఆటంతా మా అత్త కబుర్లు!

"అత్తకు నువ్వు ఎన్నడూ చెప్పలేదా?"

మామ కుంచె డబ్బాలో ముంచి అంచుకు రాశాడు. "ఏమని చెప్పేది? కదిలించొద్దంటే రాదు. కూలికి పోతాది. పొద్దున్నుంచి మాపటి దాకా గోడకు మొగం పెట్టి నిలబడే పని పాపా ఇది. ఆమె లేకుంటే నాకు పొద్దెట్ల పోతాది?"

"వంకర చెయ్యి అని నిన్నే అందరిముందరా అంటాంటే నీకు కోపం రాలేదా?"

"నన్నంటే ఏమాయె? ఎన్నైనా అననీ. ఆమెను అనిరంటే మల్లా దారం ముట్టదు."

మూడో వరసకు దారం పట్టుకుని నిలబడ్డాను.

ఇంతలో పక్క టీ అంగడి నాగేశ్వర రెండు గ్లాసులు తెచ్చాడు. మామ నిచ్చెన మీద అటు తిరిగి ఉన్నాడు, తలకు తువ్వాలు. నాగేశ్వర గోడ వంక తేరిపార చూసి, "ఎవురక్కా కొత్త పెయింటరు? శుభ్రంగ రాసినాడే. బ్యాంకు బోర్డు మాదిరి ఉండాది" అన్నాడు. గ్లాసులు గట్టు మీద పెడుతూ, "ఏమన్నా చెప్పు, మన యేసన్న రాసినట్టు రాదులే" అని పోయాడు. నిచ్చెన మీద కుంచె ఆగిపోయింది. నేనూ గోడను మళ్లీ చూశాను. నిజమే. బొజ్జలన్నీ లోపలికి పోయాయి. 'ఇ' పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంది.

మామ మళ్లీ కుంచె ఎత్తేలోపల సందు మొదట్లో కేక వినిపించింది.

"ఏమయ్యో! ఇంట్లో లేవు, చెట్టు కింద లేవు, యాడికి పోయినావని ఊరంతా ఎతుకుతాండా! కూటంలో ప్రసంగం చెప్పే అమ్మ రాలేదు, బస్సు తప్పిపాయనంట..."

రెబెకత్త. తెల్లచీర, చంకలో బైబిలు. చెప్పుకుంటూనే దగ్గరికి వచ్చి, గోడను చూసింది. మాట సగంలో తెగిపోయింది. గోడ వెంబడే నడిచింది. ఆరని రంగు కింద, ముట్టుకోకుండా, వేలు పెట్టి 'అ' దగ్గర నుంచి చివరి దాకా ఒక వరస చూసింది. తర్వాత రెండో వరస. దారం నా చేతిలోనే ఉంది, దాచుకుందామంటే ఎక్కడ దాచుకోను?

"ఇది నువ్వు రాసిందేనా?" అంది.

"ఊ" అన్నాడు మామ, గోడతో.

"దారం ఈ పాప పట్టుకునిందా?"

"ఊ."

ఆమె మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. నాకంటే కోపిష్టి మనిషిని నేను అంతవరకూ చూడలేదు, ఆ రోజు చూశాను.

"ముప్పై ఏండ్లు! నా మొగుని రాత వంకర, నా మొగుని రాత వంకర అని ఊరూరా నేనే టముకేస్తి గదయ్యా! నీకు నోట్లో నాలిక లేదా? 'కదలొద్దే' అని ఒక్క మాట చెప్పింటే కొయ్య మాదిరి నిలబడుకోనా? పోనీ, నేను పనికిరానప్పుడు ఇంకో నిచ్చెన తెచ్చి దానికి కట్టుకొనింటే సరిపాయ గదా!"

"నిచ్చెన మాట్లాడతాదా?" అన్నాడు మామ.

అప్పుడు కూడా గోడ వైపే తిరిగి అన్నాడు. రెబెకత్త కొంగుతో మొహం తుడుచుకుంది, చెమటకో దేనికో. నా కళ్లు నిండాయి, ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

"ఇయ్యి మే" అని నా చేతిలో దారం లాక్కుంది. బైబిలు నా చేతుల్లో పెట్టింది. "ఇప్పుడు రాయి నువ్వు. కదలను. మాట్లాడను. రాసుకో నీ సక్కని గీత." పెదాలు బిగించి, కాళ్లు దగ్గర పెట్టి, కళ్లార్పకుండా నిలబడింది. దారం తీగలా బిగిసింది.

మామ కుంచె ముంచాడు. ఎత్తాడు. గోడ దాకా తెచ్చి ఆపాడు. రంగు బొట్టు బొట్టుగా నిచ్చెన మెట్ల మీద పడుతోంది గానీ చెయ్యి కదలడం లేదు.

"ఏమన్నా అనవే" అన్నాడు.

ఆమె అనలేదు.

"పాటలు పాడినారా కూటంలో?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. మామ మెడ తిప్పి నావైపు చూశాడు. ఆ మొహం చూసి జాలేసింది. మళ్లీ గోడ వైపు తిరిగి, ఎవరితోనో అన్నట్టు నెమ్మదిగా అన్నాడు. "రామక్క కోడలు అలిగి పుట్టింటికి పోయిందంట గదా."

రెబెకత్త పెదాలు వణికాయి. ఆపుకుంది. ఇంకాసేపు ఆపుకుంది. తర్వాత ఇక ఆమె వల్ల కాలేదు.

"ఎవురు చెప్పినారు నీకు? పుట్టింటికి పాయనంట, పుట్టింటికి! పోయింది కోడలు కాదు, రామక్కే పోయింది, కూతురింటికి!" అని చెయ్యి ఇంతెత్తు లేపింది. దారం ఎగిరింది. ఆ ఎగిరిన చోటే కుంచె దబుక్కున పడింది, 'త' గోడ మీద గంతేసింది. ఆమె దారాన్ని చూసుకుని నాలుక కరుచుకుని చెయ్యి దించబోయింది.

"దించొద్దు. చెప్పు. ఎందుకు పోయింది?"

ఆమె ఆయన వీపు వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత మొదలుపెట్టింది. మిక్సీ దగ్గర మొదలైన తగవట, కొడుకు ఎవరి పక్కా చెప్పలేక గొర్రెల దొడ్లో పడుకున్నాడట. ఆమె చెప్పేకొద్దీ దారం లేచి పడుతోంది, 'థ' కిందికి వంగింది, 'ద' మీదికి పోయింది, 'ధ' ఏమీ ఎరగనట్టు మధ్యలో నిలబడింది. మామ భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

"ఈశ్వరీ, ఆ పాతవే పంపు" అన్నాడు, తిరక్కుండానే.

"పిల్లోళ్లకు పాపం తగలదా మామా?"

"ఏమీ తగలదు. అది వంకర కాదు, ఈమె మాటలు. ఈమెకు తెలీకుండా దాచినన్నాళ్లే నాకది తప్పు మాదిరి కనపడె."

నేను లోపలికి పరిగెత్తి కాగితమూ పెన్నూ తెచ్చి నిచ్చెన కింద నిలబడ్డాను. ఆయన దిగలేదు. వరస పూర్తయ్యాక పెడతానన్నాడు. వరస 'న' దగ్గర పూర్తయింది గానీ, రామక్క ఇంకా కూతురింటికి కూడా చేరలేదు. మామ నిచ్చెన మీద ఒక మెట్టు కిందికి జరిగి, కుంచె ముంచి, "ఊ, తర్వాత?" అన్నాడు.